ఫారిన్ క్రీములు, మన సబ్బులు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫ్యాన్సీ కొట్టు నడిపేవాళ్లు, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల పార్లర్లు పెట్టుకున్న ఆడపిల్లలు, ఉద్దానంలో కొబ్బరి నూనె ఆడించి సబ్బులు పోస్తున్న అక్కలు, దుబాయ్ నుంచి సెలవుకొచ్చి "అన్నా, ఈ సరుకు మన దగ్గర ఆడుతుందా" అని అడిగే కుర్రాళ్లు. నేను ఎగుమతి దిగుమతుల కాగితాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి వీళ్లందరూ ఏదో ఒక రోజు ఫోన్ చేస్తారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, చెప్పిందే మళ్లీ చెప్తున్నాను, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. చదివేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. క్రీము సీసా ఏ దేశం గడప దాటినా అక్కడి చట్టం మొదట అడిగేది ఒకటే: దీని వల్ల ఎవరికైనా ఏమైనా అయితే జవాబు చెప్పే మనిషి ఎవరు? ఆ పేరు, ఆ చిరునామా ఉంటే మిగతా కాగితాలు నడుస్తాయి.

మా తమ్ముడు గల్ఫ్ నుంచి వచ్చినప్పుడల్లా క్రీములు, పెర్ఫ్యూములు తెస్తాడు. మా కొట్టులో పెట్టి అమ్ముకోవచ్చా?

అమ్మకూడదు. ఇంట్లో వాడుకోవడానికి, చుట్టాలకి పంచడానికి కొద్దిగా తెచ్చుకోవడం వేరు, కొట్టులో పెట్టి బిల్లు రాయడం వేరు. మన దేశంలో 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 2020 డిసెంబర్‌లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం విదేశీ కాస్మెటిక్ ఏదైనా ఇక్కడ అమ్మాలంటే ముందు సీడీఎస్‌సీఓ అనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. లిప్‌స్టిక్ అయినా అంతే, తల నూనె అయినా అంతే. సూట్‌కేసులో వచ్చిన సరుక్కి ఆ రిజిస్ట్రేషన్ ఉండదు, బిల్లు ఉండదు, ఇక్కడ దిగుమతి చేసుకున్నది ఎవరో లేబుల్ మీద ఉండదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే చేతిలో ఏమీ ఉండదు. అంతకంటే పెద్ద సంగతి, ఆ క్రీము రాసుకున్న పిల్లకి మొహం కాలితే ఆమె వచ్చేది మీ కొట్టుకే.

ఆ రిజిస్ట్రేషన్ మేమే తీసుకోవచ్చు కదా? ఎంతవుతుంది?

తీసుకోవచ్చు, కానీ చిన్న కొట్టుకి గిట్టుబాటు కాదు. కాస్-1 అనే ఫారంలో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే, అన్నీ సరిపోతే కాస్-2 ఫారంలో సర్టిఫికెట్ వస్తుంది. ఫీజు డాలర్ల లెక్కలో కడతారు: ఒక్కో కేటగిరీకి 1000 డాలర్లు, ఒక్కో వేరియంటుకి, అంటే అందులో ఒక్కో రంగుకో వాసనకో, 50, సరుకు తయారయ్యే ఫ్యాక్టరీ ఒక్కోదానికి 500. అంటే ఒకే ఫ్యాక్టరీలో తయారయ్యే ఒకే రకం క్రీము తెచ్చుకున్నా 1500 డాలర్లు దాటుతుంది. అసలు కష్టం డబ్బు కాదు, కాగితాలు. అక్కడి తయారీదారు మీకు అధికారం ఇస్తున్నట్టు పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి, ఆ దేశంలో ఈ సరుకు మామూలుగా అమ్ముడవుతోందని ఫ్రీ సేల్ సర్టిఫికెట్ కావాలి, ఏమేం కలిపారో, ఏ పరీక్షలు చేశారో, సీసం, ఆర్సెనిక్, పాదరసం ఎంత ఉన్నాయో చూపించాలి, జంతువుల మీద పరీక్షించలేదని రాసివ్వాలి. సౌదీలోనో షార్జాలోనో హోల్‌సేల్ బజారులో కొన్న సరుక్కి ఇవేవీ దొరకవు, అమ్మినవాడికి తయారుచేసినవాడెవడో కూడా తెలియదు.

అందుకే నేను చెప్పేది ఒకటే, ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న దిగుమతిదారు దగ్గర పక్కా బిల్లుతో కొనండి. లాభం కొంచెం తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది.

డబ్బా చూసి ఇది సరిగ్గా వచ్చిన సరుకా కాదా అని ఎలా తెలుసుకోవాలి?

తిప్పి వెనక చూడండి. ఇండియాలో దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, పూర్తి చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, రూపాయల్లో ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైందో, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరో మెయిలో. ఇవి తెల్ల స్టిక్కర్ మీద అంటించి ఉన్నా ఫర్వాలేదు, చాలా అసలు సరుకు కూడా అలాగే వస్తుంది. ధర దిర్హాముల్లో మాత్రమే ఉండి, స్టిక్కరే లేకపోతే వదిలేయండి.

బార్‌కోడ్ చూసి మోసపోకండి. 880తో మొదలైతే కొరియాదని, 890 అయితే మనదని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ అంకెలు కంపెనీ ఏ దేశంలో బార్‌కోడ్ తీసుకుందో చెప్తాయి గానీ, సరుకు ఎక్కడ తయారైందో చెప్పవు. పైగా దొంగ డబ్బా ముద్రించేవాడికి బార్‌కోడ్ ముద్రించడం ఏం కష్టం?

మూత తెరిచి ఉన్న చిన్న డబ్బా బొమ్మ, దాని మీద 12ఎం అనో 6ఎం అనో ఉంటే, తెరిచిన తర్వాత అన్ని నెలలు వాడొచ్చని. ఇది యూరప్ పద్ధతి, ఇప్పుడు చాలాచోట్ల వేస్తున్నారు.

పెళ్లి ముందు రెండు వారాల్లో తెల్లగా చేసే ఫారిన్ క్రీము అని పార్లర్‌లో ఇస్తున్నారు. వాడొచ్చా?

దీని మీద ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి. ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదవాలనుకుంటే ఇదే చదవండి.

అంత త్వరగా తెలుపు తెచ్చేవాటిలో రెండు రకాలు ఎక్కువ. ఒకటి పాదరసం, రెండు స్టెరాయిడ్. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కాకుండా పాదరసం అడ్డుపడుతుంది, అందుకే నిజంగానే తెల్లబడతారు, అందుకే జనం నమ్ముతారు. అయితే అది చర్మం మీదే ఆగదు. రక్తంలోకి వెళ్తుంది, కిడ్నీల్లో చేరుతుంది. రాసుకున్న మనిషి తువ్వాలు, దిండు గలీబుల ద్వారా, గదిలో గాలి ద్వారా ఇంట్లో చిన్నపిల్లలకీ అంటుతుంది.

కేరళ మలప్పురం జిల్లాలో కొట్టక్కల్ దగ్గర డాక్టర్లు 2023లో ఒక సంగతి బయటపెట్టారు. మూత్రంలో ప్రొటీన్ పోయే మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వరసగా వచ్చిన రోగుల్ని ఆరా తీస్తే, చాలామంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడుతున్నారు. ఆ క్రీముల్లో పాదరసం తేలింది. కిడ్నీ అనే మాట వింటే మన జిల్లాలో ఏ ఇంట్లో అయినా గుండె ఝల్లుమంటుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం క్రీములని నేను అనడం లేదు, దానికీ దీనికీ ముడి పెట్టకండి. కానీ పలాసలో డయాలిసిస్ కోసం వరసలో కూర్చున్నవాళ్లని చూస్తూ పెరిగిన ఊళ్లలో, తెలిసి తెలిసి పిల్లల మొహానికి పాదరసం రాయడం నాకు మింగుడుపడదు.

చట్టం ఏమంటుందంటే, కంటి దగ్గర వాడేవి తప్ప మిగతా కాస్మెటిక్స్‌లో పాదరసం పొరపాటున చేరినా పదిలక్షల భాగాల్లో ఒక భాగం దాటకూడదు. పాదరసం మీద మినమాటా ఒప్పందం అని అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని ప్రకారం ఆ హద్దు దాటిన క్రీముల తయారీ, ఎగుమతి, దిగుమతి 2020 నాటికి ఆగిపోవాలి. 2023లో జరిగిన సమావేశంలో ఆ ఒక భాగం వెసులుబాటు కూడా తీసేసి, 2025 తర్వాత పాదరసం కలిపిన కాస్మెటిక్స్ అసలే ఉండకూడదని నిర్ణయించారు. అయినా వస్తున్నాయి, ఎందుకంటే సూట్‌కేసులో వచ్చే డబ్బాకి ఏ ఒప్పందమూ అడ్డు రాదు.

ఎలా పసిగట్టాలి? పదార్థాల జాబితాలో మెర్క్యురీ, మెర్క్యురిక్, మెర్క్యురస్ క్లోరైడ్, క్యాలమెల్ అని ఉంటే అదే. జాబితాయే లేకపోతే ఇంకా అనుమానించాలి. బంగారం, వెండి నగలకి తగలనీయకండి అని రాసి ఉంటే వెంటనే పక్కన పెట్టండి, పాదరసం లోహంతో కలుస్తుంది కాబట్టే ఆ హెచ్చరిక. ఇప్పటికే వాడుతుంటే ఆపేసి, డబ్బాని కవరులో గట్టిగా మూసి, డాక్టరుకి చూపించి, మూత్ర పరీక్ష చేయించుకోండి. కాళ్ల వాపు, మూత్రంలో నురగ ఉంటే ఆలస్యం చేయకండి.

మెడికల్ షాపులో ఇచ్చే ట్యూబు అయితే మంచిదే కదా?

అది కాస్మెటిక్ కాదు, మందు. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ లాంటి పేర్లుంటే స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందుల జాబితాలో ఉన్నాయి. నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రబడి, ఎండకి మండుతుంది, మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కూడా డాక్టరు చూపులోనే వాడాలి. యూరప్‌లో మొహం క్రీముల్లో దాన్ని నిషేధించారు, అమెరికాలో 2020 నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మడం లేదు.

కొరియా సీరం అక్కడ చవక, ఇక్కడ అంత రేటు ఎందుకు?

సుంకం. మొహం క్రీములు, సీరంలు, మేకప్ సామాన్లు వచ్చే 3304 హెడింగ్ (కస్టమ్స్ వాళ్లు సరుక్కి ఇచ్చే కోడ్) మీద బేసిక్ కస్టమ్స్ సుంకం 20 శాతం, 2018 బడ్జెట్‌లో 10 నుంచి పెంచారు. వ్యాపారంగా తెచ్చుకునేవాళ్ల లెక్క ఇలా ఉంటుంది. సరుకు ధర, ఇన్సూరెన్సు, రవాణా కలిపి 1000 రూపాయలు అనుకోండి. దాని మీద 200 సుంకం. ఆ సుంకం మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, 20. ఇప్పుడు 1220 మీద 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ, 219 రూపాయల 60 పైసలు. మొత్తం 1439 రూపాయల 60 పైసలు, ఇంకా గోడౌను, రిజిస్ట్రేషన్ ఖర్చు, డీలరు లాభం పడనే లేదు. ఇందులో ఐజీఎస్టీ మటుకు జీఎస్టీ ఉన్న వ్యాపారికి క్రెడిట్‌గా తిరిగొస్తుంది, సుంకం రాదు.

వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల నుంచి, ఆ దేశంలోనే తయారైందని ఒరిజిన్ సర్టిఫికెట్‌తో వస్తే సుంకంలో రాయితీ ఉండొచ్చు. కొరియాతో మనకి 2010 జనవరి నుంచి, యూఏఈతో 2022 మే 1 నుంచి ఒప్పందాలున్నాయి. ఒక్క సంగతి, దుబాయ్‌లో కొన్నంత మాత్రాన దుబాయ్ సరుకు అయిపోదు. చైనాలో తయారై దుబాయ్ గోడౌన్లో ఆగి వచ్చిన లిప్‌స్టిక్‌కి యూఏఈ రాయితీ రాదు. దీని మీద గొడవపడేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకొకటి, కొరియా సరుక్కి గిరాకీ కూడా మామూలుగా లేదు. 2024లో ఆ దేశం కాస్మెటిక్స్ ఎగుమతులు వెయ్యి కోట్ల డాలర్లు దాటాయి. గిరాకీ ఉన్నచోట నకిలీ వస్తుంది. ఆన్‌లైన్‌లో సగం ధరకి కనిపిస్తే, పైన రాసిన లెక్క ఒకసారి వేసుకుని ఆ రేటుకి ఎలా ఇస్తున్నాడో ఆలోచించండి.

జీఎస్టీ తగ్గింది కదా, క్రీములకి తగ్గలేదా?

2025 సెప్టెంబర్ 22 నుంచి తల నూనె, షాంపూ, సబ్బు బిళ్లలు, టాల్కం పౌడరు, ఫేస్ పౌడరు 5 శాతంలోకి వచ్చాయి. క్రీములు, లోషన్లు, లిప్‌స్టిక్‌లు 18లోనే ఉన్నాయి.

అమెరికాలో ఉన్న అక్క గిఫ్టుగా పంపితే సుంకం ఉండదంటారు?

ఉంటుంది. పోస్టులో, కొరియర్‌లో వచ్చే చిన్న గిఫ్టులకి ఒకప్పుడు ఉన్న మినహాయింపు 2019 డిసెంబర్‌లో పోయింది, ప్రాణాధార మందులకీ రాఖీలకీ తప్ప. మనిషి వచ్చేటప్పుడు బ్యాగులో తెస్తే బ్యాగేజ్ మినహాయింపు వర్తిస్తుంది, అదీ సొంత వాడకానికే.

మా సంఘం ఆడవాళ్లం కొబ్బరి నూనెతో సబ్బులు, కుంకుడు పొడి, నలుగు పిండి చేస్తున్నాం. విదేశాలకి పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

విదేశం సంగతి తర్వాత. ముందు ఇక్కడ లైసెన్సు. సబ్బు కూడా మన చట్టంలో కాస్మెటిక్కే. ఇంటి వంటగదిలో పోసి అమ్మితే కుదరదు, విడిగా శుభ్రమైన గది, సామాన్లు, పరీక్షల ఏర్పాటు, తయారీ చూసుకునే అర్హత గల మనిషి కావాలి. అర్హత అంటే భయపడకండి, ఫార్మసీ డిప్లొమా ఉన్నవాళ్లయినా సరే, ఇంటర్‌లో కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా పాసైనవాళ్లయినా సరే. ఎంపీసీ, బైపీసీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లకి ఇది నికరమైన పని. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకి కాస్-5లో దరఖాస్తు పెడితే కాస్-8లో లైసెన్సు వస్తుంది. సొంత ఫ్యాక్టరీ పెట్టలేకపోతే, లైసెన్సున్న వేరే ఫ్యాక్టరీలో మీ సరుకు తయారు చేయించుకునే లోన్ లైసెన్సు ఉంది, దానికి కాస్-6, కాస్-9. సంఘంగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఇదే చెప్తాను, ముందు రెండో దారిలో సరుకు నిలబడుతుందో లేదో చూసుకోండి. ఆయుర్వేద మందు అని లేబుల్ వేయాలంటే అది ఆయుష్ కింద వేరే లైసెన్సు, రెండూ కలపకండి.

ఆ తర్వాత ఎగుమతి కాగితాలు. పాన్ కార్డుతో, విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర సంస్థ డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో ఐఈసీ అనే ఎగుమతి దిగుమతి నంబరు తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలు, ఎవరికీ వేలకి వేలు ఇవ్వకండి. దాన్ని ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఒకసారి అప్‌డేట్ చేయాలి, ఏమీ మారకపోయినా సరే, లేకపోతే ఆగిపోతుంది. సందేహం ఉంటే విశాఖపట్నంలోనే డీజీఎఫ్‌టీ ఆఫీసు ఉంది, వెళ్లి అడగండి. బ్యాంకు దగ్గర ఏడీ కోడ్ (మీ బ్యాంకు శాఖని గుర్తించే నంబరు) తీసుకుని కస్టమ్స్‌లో నమోదు చేయాలి. జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం పెడితే ఎగుమతి మీద పన్ను ముందే కట్టి తిరిగి అడుక్కునే పని ఉండదు. కాస్మెటిక్స్ ఎగుమతిదారులకి కెమెక్సిల్ అనే మండలి ఉంది, ముంబైలో 1963 నుంచి పనిచేస్తోంది, అందులో సభ్యత్వం ఉంటే ప్రభుత్వ పథకాలు, విదేశీ ప్రదర్శనల్లో స్టాల్సు అందుతాయి.

తయారు చేసిన సరుకు కంటే ముడి సరుకు పంపడం తేలిక కాదా?

కొన్నిసార్లు అదే తెలివైన పని. మన్యంలో కుంకుడు, శీకాయ, పసుపు, తేనె ఉన్నాయి, 1956 నుంచి గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ కొంటోంది. ఉద్దానంలో కొబ్బరి ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో గంజాం జిల్లా, అక్కడి మొగలి పువ్వు నుంచి తీసే అత్తరుకి భౌగోళిక గుర్తింపు ఉంది. మొహానికి రాసుకునే క్రీము అంటే సవాలక్ష పరీక్షలు. నూనె, ఎండిన కాయ, అత్తరు నూనె అయితే వేరే హెడింగుల్లో వెళ్తాయి, కొనే కంపెనీ తన క్రీములో కలుపుకుంటుంది, క్రీముకి జవాబుదారీ ఆ కంపెనీది. కాకపోతే ప్రతి లాటుకీ పరీక్ష రిపోర్టు అడుగుతుంది, పురుగుమందు అవశేషాలు ఉంటే వెనక్కి పంపుతుంది, లాభం కూడా పల్చగా ఉంటుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను, సన్‌స్క్రీన్‌లో తెల్లగా కనిపించే టైటానియం డయాక్సైడ్‌కి మూలం ఇల్మనైట్, అది మన శ్రీకాకుళం తీరం ఇసుకలో ఉంది. తీరం తవ్వుకోవాలా వద్దా అన్నది వేరే పెద్ద చర్చ. పక్క రాష్ట్రం ఛత్రపూర్‌లో ఈ ఖనిజాలు తీసే ప్రభుత్వ సంస్థ ఉంది.

అమెరికాలో మన తెలుగువాళ్లు సబ్బులు, కాటుక అడుగుతున్నారు. పంపొచ్చా?

సబ్బు సరే, కాటుక వద్దు.

కాటుక సంగతి ముందు. సుర్మా, కాజల్, కోల్ పేర్లతో వచ్చే వాటిని అమెరికాలో మందులు, కాస్మెటిక్స్ చూసే ఎఫ్‌డీఏ రంగు పదార్థంగా ఒప్పుకోలేదు, పోర్టులో పట్టుకుంటే ఆపేస్తారు. కారణం సీసం. మన దేశాల నుంచి వెళ్లిన కాటుక పెట్టిన పసిపిల్లల రక్తంలో సీసం ఎక్కువగా తేలిన కేసులు అక్కడ చాలా ఉన్నాయి, సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. మేం ఆముదం దీపం మీద పట్టిన మసే కదా, సీసం ఎక్కడిది అని మన అమ్మమ్మలు అడుగుతారు. నిజమే, కానీ మసి నుంచి వచ్చే నల్ల రంగుని కూడా అక్కడ బ్యాచ్ వారీగా ఎఫ్‌డీఏ సర్టిఫై చేయాలి. ఇంటి మసికి ఆ సర్టిఫికెట్ రాదు. మనవరాలికి పార్సిల్లో పెట్టాలనిపించినా ఆగండి.

సబ్బు విషయంలో అక్కడో వెసులుబాటు ఉంది. నూనె, క్షారం కలిసి తయారైన అసలైన సబ్బు అయి, శుభ్రపరుస్తుంది అని మాత్రమే చెప్పి అమ్మితే అది ఎఫ్‌డీఏ కాస్మెటిక్స్ పరిధిలోకి రాదు. చర్మం మెరుస్తుంది, తేమ నిలుస్తుంది అని లేబుల్ మీద రాస్తే కాస్మెటిక్ అవుతుంది. మొటిమలు తగ్గుతాయి అని రాస్తే ఏకంగా మందు అవుతుంది. సన్‌స్క్రీన్ కూడా అక్కడ మందే. కాబట్టి లేబుల్ మీద గొప్పలు తగ్గించుకుంటే పని తేలికవుతుంది.

2022 డిసెంబర్ 29న మోక్రా అనే కొత్త చట్టం వచ్చింది. ఫ్యాక్టరీని ఎఫ్‌డీఏ దగ్గర రిజిస్టర్ చేయాలి, రెండేళ్లకోసారి రెన్యూ చేయాలి, సరుకు జాబితా ఇవ్వాలి, బయటి దేశం ఫ్యాక్టరీకి అమెరికాలో ఒక ఏజెంటు ఉండాలి. అమెరికాలో ఏడాదికి సగటున పదిలక్షల డాలర్ల లోపు అమ్మే చిన్న వ్యాపారులకి రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది, కంటికి తగిలే సరుక్కి అది లేదు. మినహాయింపు ఉన్నా సరుకు ప్రమాదం లేనిదని రుజువు మీ దగ్గర ఉండాలి, ఎవరికైనా పడకపోతే చెప్పుకోవడానికి లేబుల్ మీద అమెరికా చిరునామానో, అక్కడి ఫోనో, మెయిల్ లాంటిదో ఉండాలి. తీవ్రంగా పడకపోతే ఆ ఫిర్యాదుని 15 పనిదినాల్లో ఎఫ్‌డీఏకి చేరవేయాలి.

సుంకం మాటకొస్తే, 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29న ఎత్తేశారు. రేట్లు తరచూ మారుతున్నాయి కాబట్టి ఆర్డరు ఒప్పుకునే రోజే చూసుకుని, సుంకం కట్టేది కొనేవాళ్లా మీరా అన్నది ముందే రాసుకోండి.

లండన్, జర్మనీ?

కష్టమైన మార్కెట్, కానీ పద్ధతి స్పష్టంగా ఉంటుంది. యూరప్‌లో 2009 నాటి 1223 నంబరు రెగ్యులేషన్ 2013 జులై నుంచి పూర్తిగా అమల్లో ఉంది. యూరప్‌లో ఉండే ఒక రెస్పాన్సిబుల్ పర్సన్, అంటే సరుక్కి జవాబు చెప్పే మనిషో కంపెనీయో, పేరు లేబుల్ మీద ఉండాలి, అర్హతగల నిపుణుడు రాసిన సేఫ్టీ రిపోర్టు ఉండాలి, అమ్మకముందు ఆన్‌లైన్ పోర్టల్లో నమోదు చేయాలి, ఫైలు పదేళ్లు దాచాలి. బ్రిటన్ విడిపోయాక అక్కడ వేరే రెస్పాన్సిబుల్ పర్సన్, వేరే పోర్టల్. ఒక్కో సరుక్కి ఒక్కో రిపోర్టు, దానికి అయ్యే ఖర్చు మీదే. అందుకని పది రకాల సబ్బులు కాకుండా ఒకటి రెండు రకాలతో వెళ్లండి. మన సబ్బుల్లో వేసే మల్లె, నిమ్మగడ్డి నూనెల్లో అలర్జీ తెచ్చే పదార్థాల పేర్లు లేబుల్ మీద విడిగా రాయాలి, 2023లో ఆ జాబితా 26 నుంచి 80 దాటింది.

గల్ఫ్‌కి?

మనవాళ్లు అక్కడ ఎక్కువ కాబట్టి దారి తెలిసినట్టే ఉంటుంది, కానీ అక్కడా రిజిస్ట్రేషన్ ఉంది. దుబాయ్‌లో మునిసిపాలిటీ వాళ్ల మోంతాజీ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో, సౌదీలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎస్‌ఎఫ్‌డీఏ దగ్గర. లైసెన్సున్న స్థానిక కంపెనీ ద్వారానే నమోదు చేయించాలి, లేబుల్‌లో అరబిక్ కావాలి. ఇండోనేషియాకి పంపే ఆలోచన ఉంటే 2026 అక్టోబర్ 17 నుంచి కాస్మెటిక్స్‌కి హలాల్ సర్టిఫికెట్ తప్పనిసరి, ఇప్పుడే చూసుకోండి.

జంతువుల మీద పరీక్షించలేదు అని లేబుల్ మీద వేసుకోవచ్చా?

మన దేశంలో 2014 నుంచి కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడమూ, అలా పరీక్షించినవి దిగుమతి చేసుకోవడమూ నిషేధం. యూరప్‌లో అమ్మకంపై నిషేధం 2013లో పూర్తయింది. అంటే ఇక్కడ చట్టబద్ధంగా తయారైన ప్రతి సబ్బూ అంతే. వేసుకోండి, కానీ అదేదో మీ ప్రత్యేకత అని ఎక్కువ ధర పెట్టకండి.

చిన్న పార్సిళ్లు ఎలా పంపాలి? విశాఖ దాకా వెళ్లాలా?

కిలోల్లో ఉంటే అక్కర్లేదు. పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు, ఎగుమతి బిల్లు ఆన్‌లైన్‌లోనే నింపి అక్కడే ఇవ్వొచ్చు. మీ హెడ్ పోస్టాఫీసులో అడగండి. టన్నుల్లో ఉంటే విశాఖ కంటైనర్ టెర్మినల్, కంటైనరు నిండకపోతే వేరేవాళ్ల సరుకుతో కలిపి పంపే ఎల్‌సీఎల్. కస్టమ్స్ బ్రోకరు లేకుండా ఓడ సరుకు పెట్టుకోకండి.

పెర్ఫ్యూము, గోళ్ల రంగు, స్పిరిట్ ఉన్న స్ప్రేలు విమానంలో ప్రమాదకర సరుకు కింద లెక్క. ‘హెర్బల్ వాటర్’ అని రాసి పంపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. విమానంలో మనుషులుంటారు. వద్దు.

సబ్బులు వానాకాలంలో చెమరుస్తాయి, కొబ్బరి నూనె చలిదేశాల్లో గడ్డకడుతుంది. ప్యాకింగ్ చేసేటప్పుడు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

విదేశీ కొనుగోలుదారు పెద్ద ఆర్డరు ఇస్తున్నాడు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నాడు.

కట్టకండి. నిజంగా కొనేవాడు శాంపిల్ అడుగుతాడు, రేటు మీద బేరమాడతాడు, మీ లైసెన్సు కాపీ అడుగుతాడు. డబ్బులు వాడి దగ్గర నుంచి మీకు రావాలి గానీ మీ దగ్గర నుంచి వాడికి వెళ్లకూడదు. మొదటి ఆర్డరుకి అడ్వాన్సు తీసుకోండి, పెద్దదైతే ఎల్‌సీ, అంటే డబ్బుకి కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ, అడగండి. అప్పు మీద పంపాల్సి వస్తే ఈసీజీసీ అనే ప్రభుత్వ సంస్థ ఇన్సూరెన్సు ఉంది, ఎగుమతి డబ్బు రాకపోతే కొంత వరకు అది కాస్తుంది. రాజాం దగ్గర ఒక అక్క ఇలాంటి ఫీజు కట్టడానికి బంగారం తాకట్టు పెట్టబోతుంటే వాళ్లబ్బాయి నాకు ఫోన్ చేశాడు. కొనుగోలుదారు కంపెనీ పేరు, ఆ దేశంలో రిజిస్ట్రేషన్ నంబరు అడగమన్నాను. అంతే, మళ్లీ వాడి నుంచి మెసేజ్ రాలేదు.

క్రీము రాసుకుని మొహం కాలింది. ఎవరికి చెప్పాలి?

ముందు చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆ డబ్బా తీసుకెళ్లండి. డబ్బా, బిల్లు, మొహం ఫోటోలు తేదీతో సహా దాచండి, మిగిలిన క్రీము పారేయకండి, పరీక్షకి అదే కావాలి. తర్వాత జిల్లాలో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నమూనా తీసి ల్యాబుకి పంపే అధికారం ఆయనకి ఉంది. డబ్బు వాపసు, నష్టపరిహారం కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పార్లర్‌లో రాశారు, బిల్లు ఇవ్వలేదు అంటే కేసు బలహీనపడుతుంది గానీ పోదు, ఫోన్ పేలో కట్టిన రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు కూడా చూపించొచ్చు. డబ్బా వెనక దిగుమతిదారు పేరుంటే వాళ్లకీ ఒక మెయిల్ పెట్టి, దాని కాపీ ఫిర్యాదుకి జత చేయండి.